నైవేద్యం అయ్యేదాకా

వంటింట్లో ఫ్యాను వేస్తే స్టవ్ మంట ఆరిపోతుంది. ఇది కనిపెట్టడానికి సైంటిస్టు కానక్కర్లేదు, కోడలైతే చాలు. టాటానగర్‌లో, సిద్ధగోరాలో మా ఇంటి వంటగదికి ఫ్యానైతే ఉంది. గృహప్రవేశానికి ఎవరో చదివించారు, ఎక్కడో ఒకచోట బిగించాలి కాబట్టి అక్కడ బిగించారు. రెక్కల మీద నూనె జిడ్డు, జిడ్డు మీద ఈ ఊరి నల్లదుమ్ము పేరుకుపోతుంటాయి. దాన్ని తుడవడం నా పనే గానీ వేసుకోవడం మాత్రం కాదు. ఎప్పుడైనా స్విచ్ మీద చెయ్యి పడిందంటే చాలు, హాల్లోంచి మా అత్తగారు చిలకమ్మ గొంతు లేస్తుంది. "ఫేనేసినావేటే? మంటారిపోద్ది. గేసు దండగయిపోద్ది." పక్కనే నిలబడి పిలిచినా పలకని మనిషికి ఆ స్విచ్ చప్పుడు అంత దూరం నుంచి ఎలా వినపడుతుందో, పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకు అర్థం కాలేదు.

మిగతా ఇల్లంతా శ్లాబు. వంటగది ఒక్కటే తర్వాత వెనకాల కలిపారు, దాని మీద సిమెంటు రేకు వేశారు. "వంటింటికి రేకు చాల్దేటి, అక్కడెవులు పడుకుంతారు?" అన్నారట పోయిన మా మామగారు. నిజమే, అక్కడ నేను పడుకోను. నిలబడతాను. మొన్నామధ్య ఒక వేసవిలో ఇక భరించలేమని హాల్లో ఏసీ పెట్టించారు మా ఆయన. బయట పెట్టే డబ్బాని వెనక సందులో, సరిగ్గా వంటింటి కిటికీకి ఎదురుగా బిగించాడు మెకానిక్కు. బిగిస్తూ బిగిస్తూ ఆగి, "భాభీజీ కో గరమ్ హవా లగేగీ సర్," అన్నాడు. వంటిల్లు ఎలాగూ వేడే కదా, ఇంకాస్త తగిలితే ఏం పోయింది అని మా ఆయన నవ్వారు. వదినకి వేడిగాలి కొడుతుందని ఆలోచించిన ఒకే ఒక్కడు, డబ్బులు తీసుకుని వెళ్ళిపోయిన ఆ పరాయివాడు. అప్పటినుంచీ హాలు ఎంత చల్లబడితే వంటిల్లు అంత కాలుతోంది. హాల్లో వేడంతా నా కిటికీలోంచే బయటికి పోవాలి మరి.

మా ఆయన గౌరీశంకర్ టాటానగర్ స్టేషన్లో టికెట్ల కౌంటరు దగ్గర పనిచేస్తారు. అది జీతం కోసం. ఆయన నిజంగా బతికేది తెలుగు సంఘం స్టేజీ మీద. ఉగాదికీ దసరాకీ ఆయన నాటిక ఉండాల్సిందే. రాసేదీ ఆడేదీ ఆడించేదీ ఆయనే. కిరీటాలకి అట్టలు కత్తిరించడం, పట్టుపంచెలు ఇస్త్రీ చెయ్యడం, రిహార్సల్‌కి వచ్చినవాళ్ళకి వాయి మీద వాయి పకోడీ వెయ్యడం నా వంతు. సన్మానం జరిగినప్పుడు ఆ శాలువా తెచ్చి మడతపెట్టి బీరువాలో పెట్టేదీ నేనే. "మా ఆవిడ కోఆపరేషన్ లేకపోతే నేను లేను," అని మైకులో చెప్తారు. అందరూ చప్పట్లు కొడతారు. నేను కూడా కొడతాను.

నేను కాసిడీహ్‌లో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో పిల్లలకి చదువు చెబుతాను. అక్కడా ఏ పండగొచ్చినా రంగుకాగితాలు కత్తిరించేది నేనే. "మీరు ఇంటిపనిలా చేసేస్తారు మేడమ్," అని ప్రిన్సిపాల్ హిందీలో మురిసిపోతుంది. ఇంటిపనిలా అంటే జీతం లేకుండా అని. పోయినేడు వేసవిలో నాకు ఏడో నెలలో బిడ్డ పోయాడు. సెలవు అడగడానికి వెళితే ఆవిడ చాలా మెత్తగా, "మెటర్నిటీ లీవు బిడ్డ ఉన్నవాళ్ళకి కదా శైలజా," అంది. నేను సరేనని తలూపి వచ్చాను. ఇప్పటికీ ఆ తలూపడం గుర్తొస్తే నా మెడ నేనే పట్టుకోవాలనిపిస్తుంది.

ఈ మార్చిలో స్కూలు గేటు దగ్గర ఒకామె కరపత్రాలు పంచింది. పేరు ఫూల్మనీ ముర్ము. వాళ్ళ ఆదివాసీ భాష సంతాలీలో నాటకాలు వేస్తుందట. మే నెలలో ఒక సాయంత్రం, బిష్టుపూర్‌లో ఒక హాల్లో, వాతావరణ సంక్షోభం మీద పదేసి నిమిషాల నాటికలు. ఇంతవరకూ ఎవరూ స్టేజీ ఇవ్వనివాళ్ళు, అంటే ఆదివాసులు, దళితులు, బస్తీల్లో ఆడవాళ్ళు, ట్రాన్స్‌జెండర్లు, ఎవరి సంగతి వాళ్ళే రాసుకుని వాళ్ళే ఆడాలి. అడుగున హిందీలో ఒక వాక్యం ఉంది. 'ఈ వేడి మీ ఇంట్లో ఏం చేసింది? అది చెప్పండి, చాలు.' గేటు దగ్గర పిల్లలు తోసుకుంటూ పోతున్నారు, నేను ఆ వాక్యం దగ్గరే నిలబడిపోయాను. ఏడాదిగా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఏదో చేద్దామని కాదు, ఊరికే దగ్గర ఉంచుకుందామని.

మా అమ్మాయి వెన్నెల పెన్సిలు కోసం బ్యాగు కుమ్మరిస్తే అది వాళ్ళ నాన్న చేతిలో పడింది. చదివారు. మొహం వెలిగిపోయింది.

"ఇదేదో మనకోసమే ఎట్టినట్టుంది శైలా! ఈ ఊర్లో తెలుగోడికి స్టేజీ ఎవులిచ్చినారు?"

"మీకు సంఘం స్టేజీ ఉంది కదండీ," అన్నాను.

"అది మనోళ్ళ మధ్య. ఇది సిటీ లెవెల్. నీ పేరుతో పంపుదాం. ఆడపేరైతే వెంటనే సెలెక్ట్ అవుద్ది. నువ్వు సంతకం ఎట్టు, మిగతాది నే సూసుకుంతాను."

పెట్టాను. మా ఇంట్లో నా సంతకాలన్నీ అలాంటివే, ఆయన వేలు పెట్టి చూపించిన చోట పెట్టేవే.

నాటిక పేరు 'భూమాత ఘోష'. ఆయన సూత్రధారి. మంచుకొండలు కరుగుతున్నాయి, ధ్రువపు ఎలుగుబంటి ఏడుస్తోంది, ఓ మానవా మేలుకో అని ఛందస్సులో పద్యాలు రాశారు. పద్యాలు బాగానే ఉన్నాయి, అబద్ధమెందుకు చెప్పాలి. నేను భూమాతని. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని కూర్చోవాలి. నాకు ఒక్కటే మాట: "బిడ్డలారా, నన్ను కాపాడండి." ఆయన మాత్రం ప్రేక్షకుల్లో ముందు వరసలో సూత్రధారి వేషంలోనే కూర్చుంటారట. వయొలిన్ రికార్డు వేయగానే జనంలోంచి లేచి స్టేజీ ఎక్కుతారట. "అదీ ఎఫెక్టంటే," అన్నారు.

ఒక ఆదివారం రిహార్సల్. హాల్లో ఏసీ నడుస్తోంది. అత్తగారు దివాన్ మీద, వెన్నెల కింద బొమ్మలేసుకుంటూ ఉన్నారు. ఆయన లోపలికెళ్ళి ఒక చిన్న మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. నా పాత తెల్లలంగా చింపి చుట్టిన గుడ్డలోంచి వెన్నెల బొమ్మ మొహం కనిపిస్తోంది. కళ్ళు మూసుకునే రకం బొమ్మ అది, పడుకోబెడితే మూసుకుంటుంది.

"భూమాత ఒళ్ళో సచ్చిపోయిన బిడ్డ. రేపటి తరం అన్నమాట," అన్నారు. "నువ్వేటీ నటించక్కర్లేదు శైలా. అప్పుడు ఆస్పత్రిలో ఎలగేడిసినావో అలగేడు, సాలు. హాలంతా ఏడుత్తాది."

ఆయన ముఖంలో క్రూరత్వమేమీ లేదు. వంకాయకూరలో కొత్తిమీర వేస్తే బాగుంటుందని చెప్పినట్టు చెప్పారు. అందుకే నాకు భయం వేసింది. వెన్నెల గీయడం ఆపి వచ్చి ఆ మూటని చూసింది. దానికి తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబు చెప్పడం అలవాటు. "పాపా, మేరీ గుడియా కో క్యూఁ మార్ దియా?" అంది. నా బొమ్మనెందుకు చంపేశావు నాన్నా అని. అత్తగారు టీవీ సౌండు పెంచారు.

బిడ్డ పోయిన రోజు జరిగింది ఇది. పోయినేడు మే నెలలో అమ్మవారి సంబరం. మా వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలన్నీ కలిసి చేస్తారు. ఆ ఏడు అమ్మవారి ఘటం మా ఇంటికి వచ్చే వంతు. ఘటం వచ్చిన ఇంటి కోడలు నైవేద్యం వండాలి, వండేదాకా నోట్లో చుక్క నీళ్ళు కూడా పోసుకోకూడదు, ఎంగిలిపడిన మనిషి చేతి వంట అమ్మవారు ముట్టదని. ఆడపడుచు కల్యాణి వచ్చి ఉంది కదా, ఆమె వండకూడదా అంటే, ఆమెది ఇప్పుడు వేరే ఇంటిపేరు, చెల్లదు. "కడుపుతో ఉన్నావు, నీకు ఉపాసం ఒద్దులే. నైవేద్దెం అవ్వగానే తినీ," అన్నారు అత్తగారు. ఆవిడ తన లెక్కలో దయగానే అన్నారు.

పొద్దున్నే మొదలుపెట్టాను. గారెలు, పులిహోర, చివర్న పాయసం. రేకు కాలి వేడి నెత్తిమీదికి దిగుతోంది. హాల్లో ఇరవైమంది చుట్టాలున్నారని ఏసీ ఆపలేదు, దాని వేడంతా కిటికీలోంచి నా మొహాన కొడుతోంది. కిటికీ మూస్తే ఊపిరాడదు. ఫ్యాను వేస్తే మంట ఆరిపోతుంది. మధ్యలో తెలిసిందేమిటంటే, ఎండ మరీ ఎక్కువగా ఉందని ఘటం మోసేవాళ్ళు దారిలో నీడ చూసుకుని ఆగారట, పొద్దు వాలాక వస్తారట. అమ్మవారు కూడా నీడలో ఆగింది! వేడి నైవేద్యమే పెట్టాలి కాబట్టి పాయసం మళ్ళీ కొత్తగా పెట్టమన్నారు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఒక్క గుక్క నీళ్ళు తాగుతానత్తా అంటే, "అమ్మోరికి ఒండతా ఎంగిలి సేత్తావేటే? పిల్లలుగల దానివి," అన్నారు. అంతలో మా ఆయన వచ్చారు. ఫ్రిజ్ వంటింట్లోనే ఉంటుంది. చల్లని సీసా తీసి, తల వెనక్కి వంచి, గటగటా తాగారు. ఆయన గొంతు పైకీ కిందకీ ఆడటం నేను చూస్తూ నిలబడ్డాను. నా చూపు చూసి భుజం తట్టారు. "ఓర్సుకో శైలా, ఇంకెంతసేపు. నైవేద్దెం అయిపోతే తాగుదువుగాని," అన్నారు.

పొద్దున గారెల పిండి రుబ్బేటప్పుడు బాబు కదిలాడు. మధ్యాహ్నానికి కదలడం మానేశాడు. నిద్రపోయాడనుకున్నాను. పాలు పొంగుతున్నాయని గరిటె కోసం చెయ్యి చాచడం వరకే గుర్తుంది. నేను పడిపోయాక ఆ పాయసం కల్యాణి దించిందట. దించడానికి ఇంటిపేరు అడ్డురాలేదు. అమ్మవారికి నైవేద్యం వేళకి అందింది.

"పానీ క్యూఁ నహీఁ పియా?" అని డాక్టరమ్మ నన్నే కసిరింది, నీళ్ళెందుకు తాగలేదని. ఇంట్లో నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. "దాని కడుపుకి బలం నేదు," అన్నారు అత్తగారు వచ్చినవాళ్ళందరితో. "మగబిడ్డ. నిలుపుకోనేకపోయింది." మా ఆయన మటుకు, రుణం తీరిపోయిందిలే అన్నారు. వినగా వినగా నేనూ నమ్మాను. అద్దంలో నా పొట్ట చూసుకుని, బలం లేనిదానివి అని తిట్టుకున్న రోజులున్నాయి. ఆ బొమ్మ నా ఒళ్ళో కళ్ళు మూసుకున్నప్పుడు మాత్రం నమ్మకం తెగింది. నా బిడ్డ నా కడుపులో బలం లేక పోలేదు. పక్కనే ఫ్రిజ్ నిండా నీళ్ళుండగా ఎండిపోయి చచ్చిపోయాడు. ఈ మాట ఎవరితోనైనా, గట్టిగా, నా నోటితో చెప్పకపోతే నేను బతకను అనిపించింది.

ప్రదర్శనకి ముందు బిష్టుపూర్ హాల్లో ఒకసారి చదివి వినిపించాలని పిలుపొచ్చింది. ఆయనకి డ్యూటీ, స్కూలు వదిలాక నేనొక్కదాన్నే ఆటో ఎక్కి వెళ్ళాను. ఫూల్మనీ కాగితాలు తిప్పింది. ఆమెకి తెలుగు రాదు, నేను హిందీలో సారాంశం చెప్పాను.

"ధ్రువపు ఎలుగుబంటి మీ ఇంట్లోకి ఎలా వచ్చింది దీదీ?" అంది. ఇద్దరం నవ్వేశాం. నవ్వుతుండగానే నాకు ఏడుపొచ్చింది.

"రాసింది మా ఆయన. పేరు నాది," అన్నాను.

"పేరు మీదైతే ఆ పది నిమిషాలూ మీవే. అందులో ఏముండాలో మీరు చెప్పాలి." ఆమె కాగితాలు పక్కన పెట్టింది. "మీ ఇంట్లో ఈ వేడి ఏం చేసింది?"

చెప్పాను. మొత్తం హిందీలో చెప్పాను. తెలుగులో దాని గురించిన మాటలన్నీ అప్పటికే వాళ్ళు వాడేశారు: బలం, రుణం, ఎంగిలి. హిందీలో నాకొచ్చిన కాసిన్ని మాటలు మాత్రం ఎవరూ ముట్టుకోకుండా ఉన్నాయి. ఆమె అయ్యో అనలేదు, చెయ్యి పట్టుకోలేదు. గోడకున్న ఏసీ వైపు చూసి, "హాల్ కా ఏసీ బంద్ కర్వా దూఁ?" అని అడిగింది. ఏసీ ఆపించేయనా అని. ఆ ఒక్క ప్రశ్నతో నా నాటిక తయారైపోయింది. "ఫ్యాన్లు కూడా," అన్నాను. ఇంటికొచ్చి, రిహార్సల్‌లో మాత్రం భూమాతలాగే కూర్చున్నాను. ఆయన ఏడవమన్నప్పుడు ఏడ్చాను. "ఇదీ! ఇదే కావాల!" అన్నారు.

ప్రదర్శన సాయంత్రం, ముందుగా సంతాలీ అమ్మాయిలు ఇప్పపూలు రాలని అడవిని ఆడారు. తర్వాత భుయ్యాడీహ్ బస్తీ ఆడవాళ్ళు, సువర్ణరేఖ నది పొంగి ఇళ్ళలోకి వస్తే బియ్యం డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక నెత్తిమీద పెట్టుకుని తిరగడం ఆడారు. నేను తెర పక్కనుంచి చూశాను. హాలు చల్లగా ఉంది. ముందు వరసలో మా ఆయన, పట్టుపంచె, జరీ కండువా, మొహాన రంగు, నుదుట నిలువుబొట్టుతో వయొలిన్ కోసం ఎదురుచూస్తున్నారు. పక్కన అత్తగారు, ఒళ్ళో నీళ్ళసీసా. ఆ పక్కన వెన్నెల, దాని ఒళ్ళో దాని బొమ్మ. గుడ్డ విప్పేసి, గౌను తొడిగి పొద్దున్నే ఇచ్చేశాను.

నా పేరు పిలిచారు. రాసినదీ ఆడేదీ శైలజ, ఒక్కరే అని హిందీలో చెప్పింది ఫూల్మనీ. మా ఆయన చిరునవ్వు కాస్త తడబడింది గానీ పోలేదు. అనౌన్స్‌మెంటులో తప్పు అనుకున్నట్టున్నారు. తర్వాత ఆమె, ఈ పది నిమిషాలూ ఏసీ, ఫ్యాన్లు ఉండవని, లోపలున్నవాళ్ళు నైవేద్యం అయ్యేదాకా నీళ్ళు తాగకూడదని చెప్పింది. పెద్దవాళ్ళు, ఒంట్లో బాగోలేనివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు బయట వరండాలో కూర్చోవచ్చు, అక్కడ కుండలో నీళ్ళున్నాయి, ఎవరూ ఏమీ అనుకోరు అంది. ఆ మాట రెండుసార్లు చెప్పమని నేనే అడిగాను. వెనక వరసలోంచి ఒక కడుపుతో ఉన్నామె లేచి, నడుం పట్టుకుని మెల్లగా బయటికి నడిచింది. ఆమె వెనక తలుపు మూసుకునేదాకా నేను కదలలేదు.

తర్వాత నైటీ మీద టవలు వేసుకుని, చిన్న స్టవ్, గిన్నె పట్టుకుని స్టేజీ మీదికి వెళ్ళాను. ఆకుపచ్చ పట్టుచీర ఇంట్లో బీరువాలో ఉంది. అగ్గిపుల్ల గీశాను. పాలు పోసి, పాయసానికి బియ్యం వేశాను. మా ఆయన సగం లేచి, వయొలిన్ ఏదీ అన్నట్టు పక్కకి చెయ్యి ఊపారు. ఎవరూ వేయలేదు. కూర్చున్నారు.

కలుపుతూ మాట్లాడాను. కాస్త హిందీలో, కాస్త మా మాటలో. రేకు గురించి, కిటికీ గురించి, ఏసీ డబ్బా గురించి. మంట ఆరిపోతుందని వేసుకోని ఫ్యాను గురించి. నీడలో ఆగిన అమ్మవారి గురించి. పొద్దున కదిలి మధ్యాహ్నం కదలని బాబు గురించి. ఏడవలేదు. గొంతు ఎత్తలేదు. హాల్లో గాలి ఆగిపోయింది, నెత్తిమీద స్టేజీ లైట్లు, తలుపులు మూసి ఉన్నాయి. జనం అట్టలతో, చున్నీలతో విసురుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన చొక్కా గుండీలు విప్పుకున్నాడు. వెన్నెల నన్నే చూస్తోంది. అత్తగారి బొటనవేలు సీసా మూత చుట్టూ తిరుగుతోంది, పెదాలు తడుపుకుంటున్నారు, కానీ మూత తియ్యలేదు. ఎన్నేళ్ళు, ఎన్ని సంబరాలు ఆ నోరు అలా ఎండి ఉంటుందో ఆవిడ ఎప్పుడూ నాకు చెప్పలేదు, నేను అడగలేదు. కళ్ళు మాత్రం గిన్నె మీదినుంచి తియ్యలేదావిడ.

మా ఆయన మొహం మీద రంగు చారలు కట్టి కరుగుతోంది. బొట్టు ముక్కు మీదికి దిగింది. పట్టుకండువా తడిసి మెడకి అతుక్కుపోయింది. అటూ ఇటూ చూశారు. సంఘంవాళ్ళు వెనకే ఉన్నారు, ఎవరూ ఆయన కళ్ళలోకి చూడలేదు. పాలు పొంగు మీదికొచ్చాయి, బియ్యం ఇంకా ఉడకలేదు. అప్పుడాయన తల్లి ఒళ్ళోంచి సీసా లాక్కున్నారు. మూత తీశారు. తల వెనక్కి వంచారు.

నేను గరిటె తిప్పడం ఆపలేదు. ఇంట్లో మాట్లాడినట్టే, మెత్తగా అన్నాను.

"ఓర్చుకోండి, ఇంకెంతసేపు. నైవేద్యం అయిపోతే తాగుదురుగాని."